ముందు మేత, తర్వాత మేక: ఎకరం ఎర్రనేలలో మా అనుభవం

పల్లెలో స్థిరపడి నాలుగు మేకలు, కాసిని కూరగాయల మడులు పెట్టుకుందామనుకునే వాళ్లు చాలామంది ఇల్లు సర్దుకోగానే సంతకు వెళ్లి మేకల్ని తోలుకొస్తారు. అసలు క్రమం వేరు. ముందు నీళ్లు, తర్వాత కంచె, మేత, కొట్టం, ఆఖరున మేకలు. మేత గడ్డి మొదటి కోతకు రావడానికే మూడు నెలలు పడుతుంది, చెట్ల మేతకైతే దాదాపు ఏడాది. ఆలోపు తెచ్చిన మేక కొన్న మేత మీద బతకాలి, లేదంటే కూరగాయల మీద పడుతుంది. కదిరి వైపు ఎకరం ఎర్రనేలలో ఆరు ఆడమేకలతో, పది సెంట్ల కూరగాయలతో మేం స్థిరపడిన పద్ధతి ఇది. ఇక్కడ గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. మీ వైపు వానల్ని బట్టి నెలలు సర్దుకోండి.

నేలను ఇలా పంచుకున్నాం. ఇల్లు, కొట్టం, కళ్లం కలిపి 15 సెంట్లు. కూరగాయలకు 10, దశరథ గడ్డి అనే పప్పుజాతి మేతకు 10, సూపర్ నేపియర్ గడ్డికి 5, పండ్ల చెట్లకు 20. మిగిలిన 40 సెంట్లలో వానకు వేరుశనగ, మధ్యలో కంది సాళ్లు. ఆ వేరుశనగ కట్టె (కాయలు తీశాక మిగిలే ఎండు మొక్క), కంది పొట్టే ఎండుమేత. ఆరు మేకలకు రోజుకు తలా అరకిలో చొప్పున వేస్తే సొంత కట్టె నాలుగైదు నెలలకు సరిపోతుంది. మిగతాది నూర్పిళ్ల సమయంలోనే పక్క చేలల్లో కొనిపెట్టుకోవాలి. ఏప్రిల్లో వెతికితే దొరకదు, దొరికినా ధర రెట్టింపు చెబుతారు.

బోరులో నీళ్లెన్ని ఉన్నాయో వానల తర్వాత కొలిస్తే మోసపోతారు. మే నెలలో కొలవాలి. 200 లీటర్ల డ్రమ్ము ఎనిమిది నిమిషాల్లో నిండితే గంటకు 1,500 లీటర్లు వస్తున్నట్టు. పది సెంట్ల కూరగాయలకు, పదిహేను సెంట్ల పచ్చిమేతకు, మేకలకు, ఇంటికి కలిపి వేసవిలో రోజుకు సుమారు 5,000 లీటర్లు కావాలి. అంటే ఆ బోరు మూడున్నర గంటలు ఆగకుండా పోయాలి. అంతసేపు పోయని బోరైతే మేత సగానికి తగ్గించండి, మేకల్నీ అంతే. కూరగాయలు తగ్గించి మేకల్ని నిలుపుకుందామని కొందరు అనుకుంటారు. అది సాగదు, ఎందుకంటే ఎక్కువ నీళ్లు తాగేది పచ్చిమేతే.

కంచె దగ్గర పొదుపు వద్దు. మేక ముందుకాళ్లు రెండూ జాలీ మీద వేసి నిలబడి అవతలి ఆకు అందుకుంటుంది. రోజూ అలా చేస్తుంటే రెండు మూడు నెలల్లో జాలీ మధ్యలో కడుపులా దిగిపోతుంది. అందుకే ఐదడుగుల చైన్‌లింక్ జాలీకి పైన, మధ్యలో, కింద మూడు వరసల లావు తీగ బిగించాలి. రాతి కూసాలు ఏడడుగులవి తీసుకుని రెండడుగులు పాతాలి. కూసానికీ కూసానికీ ఎనిమిది అడుగులు మించకూడదు. మూలల్లో కూసానికి రెండు వైపులా ఏటవాలు ఊతం లేకపోతే తీగ బిగించిన రోజే మూల వంగుతుంది. జాలీ కన్ను రెండంగుళాలు చాలు. నాలుగంగుళాల కన్నులో కొమ్ముల మేక తల దూర్చుతుంది, వెనక్కి లాగితే కొమ్ములు తట్టుకుంటాయి, ఎవరూ చూడకపోతే మెడ బిగుసుకుని చస్తుంది. జాలీ అడుగున రాళ్ల వరస పేర్చాలి, లేకపోతే నెల పిల్లలు కిందనుంచి దూరిపోతాయి. గేటుకు కొక్కెం పనికిరాదు, మూతితో ఎత్తేస్తాయి. బయటివైపు అడ్డ గడియ పెట్టాలి.

కూరగాయల మడుల చుట్టూ మళ్లీ విడిగా ఇంకో కంచె ఉండాలి. ఒక్క కంచెను నమ్ముకుంటే గేటు మరిచిన పూట తోట పోతుంది. పండ్ల మొక్కలకు నాలుగైదేళ్ల దాకా ఒక్కోదానికి జాలీ గుండ్రంగా చుట్టాలి. ఆకు తింటే చెట్టు మళ్లీ చిగురిస్తుంది గానీ, మేక మానుచుట్టూ బెరడు గీరేస్తే ఆ చెట్టు ఇక బతకదు. బయటి సరిహద్దులో వావిలి, అడ్డసరం నాటితే మేకలు ముట్టవు. సీమచింత కంచె వేస్తే మాత్రం అది కంచెగా మిగలదు, మేతైపోతుంది. ఊళ్లో మన మేక పక్కవాడి చేలో పడితే ఒకప్పుడు బందెల దొడ్డికి తోలేవాళ్లు. ఇప్పుడు మాటలతోనే పోతుంది గానీ, కొత్తగా వచ్చిన వాళ్లకు ఆ మాట చాలా ఏళ్లు మిగిలిపోతుంది. బయటి కంచె గట్టిగా వేయడానికి అదొక్కటే కారణమైనా చాలు.

మేత జూన్, జూలైల్లో వేయాలి. దశరథ గడ్డి గింజ పైపొర గట్టిది, అలాగే చల్లితే పదింట రెండు మూడే మొలుస్తాయి. నీళ్లు పొగలు వచ్చేదాకా కాచి దించి, మరుగు రాకముందే గింజలు వేసి, నాలుగైదు నిమిషాలు ఉంచి వంపేయాలి. తర్వాత రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి ఆరబెట్టి విత్తుకోవాలి. ఎకరానికి 8 కిలోలు లెక్క, పది సెంట్లకు 800 గ్రాములు. సాలుకూ సాలుకూ అడుగున్నర. మొదటి కోత 90 రోజులకు, తర్వాత 40 రోజులకోసారి. నేపియర్ రెండు కణుపుల ముక్కలు రెండడుగుల ఎడంతో నాటితే 75 రోజులకు మొదటి కోత వస్తుంది, తర్వాత 45 రోజులకోసారి. ముదరనిస్తే కాడ కర్రలా గట్టిపడి మేకలు ఆకు పీక్కుని కాడ వదిలేస్తాయి. గట్ల మీద అవిశ, సుబాబుల్, మునగ వేశాం. అవిశను నేలదాకా నరికితే చస్తుంది, మూడు నాలుగడుగుల ఎత్తులో కొన్ని కొమ్మలు వదిలి కోయాలి. సుబాబుల్ ఎంత కోసినా చిగురిస్తుంది, కానీ అందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. మొత్తం పచ్చిమేతలో మూడో వంతు మించితే వెంట్రుకలు రాలడం మొదలవుతుంది.

కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి, అప్పుడు మధ్యాహ్నపు ఎండ లోపల పడదు. పెద్ద మేకకు 10 చదరపు అడుగులు, పిల్లకు 4 లెక్కన ఆరు మేకలకూ వాటి పిల్లలకూ 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు సరిపోతుంది. మేక వానకూ తేమకూ ఓర్వదు, ఎండకు ఓరుస్తుంది. నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో చెక్కపలకల మంచె వేసి పలకకూ పలకకూ మధ్య ఒకటిన్నర సెంటీమీటరు సందు వదిలితే పెంటికలు, మూత్రం కిందికి పోతాయి. సందు ఇంకాస్త పెరిగితే పిల్లల గిట్టలు ఇరుక్కుని కాళ్లు విరుగుతాయి. అంతకు తగ్గితే పెంటికలు పలకల మధ్యే చిక్కుకుని మంచె కంపు కొడుతుంది. పిల్లలుండే మూల మీద అదనపు పలక పరవాలి. మంచెకు డబ్బు చాలకపోతే గరుసు దిమ్మిస వేసిన నేల కూడా మంచిదే, కాకపోతే రోజూ ఊడవాలి, వారానికోసారి పొడి సున్నం చల్లాలి. రాత్రి తలుపు, కిటికీలకు ఇనుప జాలీ తప్పదు. మా వైపు చిరుతల కన్నా ఊరకుక్కల గుంపుకే ఎక్కువ మేకలు పోతాయి.

మేకను సంతలో కాకుండా తెలిసిన ఊళ్లో, తెలిసిన మందలో కొనండి. సంతలో పది ఊళ్ల రోగాలు కలుస్తాయి. రెండు పళ్లు, నాలుగు పళ్ల వయసు, ఒక ఈత ఈనింది అయితే మేలు. రెండు పళ్లంటే, అంటే పాలపళ్లు పోయి రెండు పెద్దపళ్లు వస్తే, ఏడాది దాటింది, నాలుగంటే దాదాపు రెండేళ్లు. పొదుగు రెండు వైపులా చేత్తో తడిమి గడ్డలున్నాయా చూడాలి, రెండు చనుమొనల నుంచీ పాలు పిండి చూడాలి. తోక కింద పారుడు మరకలు, ముక్కు కారడం, నడకలో కుంటు ఉంటే తీసుకోవద్దు. దాని తల్లి కవలలు ఈనిందేమో అడగండి, ఆ గుణం కొంతవరకు వంశంలో వస్తుంది. ఉస్మానాబాదీ జాతి నల్ల మేకలకు కవలలు ఎక్కువనే పేరుంది. మా వాన, ఎండలకు మాత్రం ఊరి మేకలే తేలిగ్గా తట్టుకుంటాయి.

తెచ్చిన మేకల్ని మూడు వారాలు విడిగా కట్టేయాలి. పీపీఆర్ అనే పారుడు రోగం లోపల ఉంటే ఆ లోపు జ్వరం, కళ్లూ ముక్కూ కారడం, నోట్లో పుండ్లు, విరేచనాలు బయటపడతాయి. ఆరోగ్యంగా ఉన్నాయని తేలాక టీకాలు వేయించాలి. పీపీఆర్ టీకా మూడు నెలలు నిండిన పిల్లలకూ పెద్దవాటికీ వేస్తారు, ఒకసారి వేస్తే మూడేళ్లు రక్షణ ఉంటుంది. అది బతికున్న వైరస్ టీకా. ఐసులో తేవాలి, కలిపాక వెంటనే వేసేయాలి. ఎండలో సంచిలో తెచ్చిన టీకా వేసినా వేయనట్టే. చిటుకు రోగానికి వానలకు ముందు, మే చివర్లో టీకా. మొదటిసారైతే రెండు వారాలకు ఇంకోసారి. తొలకరికి లేత పచ్చిక ఒక్కసారిగా దొరికినప్పుడు పేగుల్లో సూక్ష్మజీవి పెరిగి విషం వదులుతుంది. రాత్రి బాగున్న మేక తెల్లారేసరికి చచ్చి ఉంటుంది, వైద్యానికి సమయమే దొరకదు. గాలికుంటుకు పశువైద్యశాల వాళ్లు ఏటా తిరిగి వేస్తారు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఆ నంబరు కొట్టం గోడ మీద రాసి పెట్టుకోండి.

నట్టల సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి. మేకల్ని మెల్లగా చంపేది ఇవే. కడుపులో చేరి రక్తం పీల్చే నట్టలు ఎక్కువైతే విరేచనాలు కూడా కనిపించకపోవచ్చు. తెలుసుకునే దారి కంటి రెప్ప. ఎడమచేత్తో మేక తల పట్టుకుని, కుడి బొటనవేలితో పై రెప్పను కొద్దిగా నొక్కి, కింది రెప్పను కిందికి లాగితే లోపలి పొర బయటికి తిరుగుతుంది. వెలుతురులో ఒక్క క్షణం చూస్తే చాలు. ఎక్కువసేపు పట్టి ఉంచితే గాలికి రంగు మారుతుంది. ఇటుకరాయి ఎరుపుంటే బాగున్నట్టు. లేత గులాబీకి దిగితే మందు తాగించాలి. తెల్లగా కాగితంలా ఉంటే ఆ పూటే డాక్టరు చూడాలి. దవడ కింద నీటి సంచిలా వాపు వచ్చినా అదే సంగతి. అన్నిటికీ నెలనెలా మందు పోయడం తప్పు పద్ధతి. ఎన్నిసార్లు పోస్తే నట్టలు మందుకు అంత తొందరగా అలవాటు పడతాయి. తొలకరి తర్వాత ఒకసారి, వానలు ఆగాక ఒకసారి, మధ్యలో రెప్ప చూసి అవసరమైన వాటికే.

మందు మోతాదు బరువును బట్టి. కాటా లేకపోతే టేపుతో ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టు అంగుళాల్లో కొలిచి, భుజం ముందు నుంచి పిరుదు దాకా పొడవు కొలవండి. చుట్టును చుట్టుతోనే గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టు 28, పొడవు 25 అయితే దాదాపు 30 కిలోలు. గొర్రెకు చెప్పిన మోతాదు మేకకు చాలదు, మేక శరీరం మందును తొందరగా వదిలించుకుంటుంది. డాక్టరును మేక మోతాదు ఎంతని విడిగా అడగాలి. చూడి కట్టిన మొదటి నెలన్నరలో ఆల్బెండజోల్ అనే నట్టల మందు వద్దు, పిల్లకు ముప్పు. తాగించేటప్పుడు తల పైకి లేపి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేస్తుంది. మూతి కళ్ల మట్టానికి మించి లేవకూడదు. సిరంజి మూతి పక్కనుంచి పెట్టి, మింగుతున్న కొద్దీ మెల్లగా వదలాలి.

రోజువారీ మేత పెద్ద కష్టం కాదు. పెద్ద మేకకు పచ్చిమేత 4 కిలోలు, ఎండుమేత అరకిలో, దాణా 200 గ్రాములు, వేసవిలో నీళ్లు 5 లీటర్లు. దాణా మేమే కలుపుతాం. పది కిలోలకు మొక్కజొన్న రవ్వ 4, వేరుశనగ చెక్క రెండున్నర, తవుడు 3 కిలోల 200 గ్రాములు, ఖనిజ లవణ మిశ్రమం 200 గ్రాములు, ఉప్పు 100. పొద్దున్నే ముందు ఎండుమేత వేసి తర్వాత పచ్చిది వేయాలి. దశరథ గడ్డిని కోసి సగం పూట వాడ్చి వేస్తే కడుపు ఉబ్బరం రాదు. కొమ్మల్ని కట్టగట్టి మేక తలకన్నా కాస్త పైకి వేలాడదీయండి, నేల మీద పడిన ఆకు మేక ముట్టదు. మంచు ఆరకముందు బయటికి తోలితే తడి గడ్డి కొసల మీదకు ఎక్కిన నట్టల పిల్లలు కడుపులోకి పోతాయి.

చంపేవి నాలుగున్నాయి, ఇంట్లో అందరికీ తెలిసుండాలి. జొన్న కోశాక మోడునుంచి వచ్చే లేత నాము తింటే గంటలోపే ప్రాణం పోతుంది. వానకు తడిసి బూజు పట్టిన వేరుశనగ కట్టె రెండోది. గన్నేరు ఆకు మూడోది, పెరట్లో పూలకోసం పెంచేవాళ్లు గుర్తుంచుకోవాలి. నాలుగోది పెళ్లిలోనో జాతరలోనో మిగిలిన అన్నం. ప్రేమగా తెచ్చి పోస్తారు. కడుపు నిండా అన్నం తిన్న మేకకు పొట్టలో పులుపు పెరిగి, మర్నాటికి పళ్లు కొరుకుతూ కూలబడుతుంది. తిన్నట్టు తెలిసిన వెంటనే 20 గ్రాముల వంటసోడా అర లీటరు నీళ్లలో కలిపి మెల్లగా తాగించి డాక్టరును పిలవాలి.

ఆరు మేకలకు సొంత పోతు అక్కర్లేదు. మేతలో ఏడో వంతు అదే తింటుంది, రెండేళ్లు దాటితే సొంత కూతుళ్లనే దాటుతుంది. ఎదకొచ్చిన మేక తోక ఊపుతూ అరుస్తుంది, మేత సరిగా తినదు, తీగలా జిగురు వేస్తుంది. అది కనిపించాక ఓ పన్నెండు గంటలకు దగ్గరి మందలోని పోతు దగ్గరికి తీసుకెళ్లి దాటించాలి. నిలవకపోతే 21 రోజులకు మళ్లీ ఎదకొస్తుంది. మేం జూన్ నడిమిలో దాటిస్తాం. 150 రోజులు లెక్కిస్తే నవంబరు నడిమికి ఈనుతుంది. అప్పటికి వానలు ఆగి, మేత నిండుగా ఉంటుంది. అక్టోబరు జడివానలో పుట్టిన పిల్లల్ని నిమ్ము నుంచి కాపాడటం చాలా కష్టం.

ఈనే ముందు నెలన్నర దాణా ఇంకో 200 గ్రాములు పెంచాలి. ఉమ్మనీరు పోయాక గంటసేపు ముక్కినా పిల్ల కనిపించకపోతే డాక్టరు రావాల్సిందే. పుట్టిన పిల్ల ముక్కు, నోరు తుడిచి, బొడ్డు రెండంగుళాలు వదిలి కోసి టింక్చర్ అయోడిన్‌లో ముంచాలి. గంటలోపు ముర్రుపాలు తాగాలి. కవలల్లో బలహీనమైనదాన్ని మనమే చనుమొనకు పట్టించాలి, బలమైనది రెండు వైపులా తానే తాగేస్తుంది. మాయ 12 గంటల్లో పడకపోతే లాగొద్దు, డాక్టరుకు చెప్పండి.

ఇక తోట. రాత్రి కొట్టంలో ఒక్కో మేక అరకిలో దాకా పెంటికలు వేస్తుంది. ఆరు మేకలకు ఏడాదికి సుమారు టన్ను. కూరగాయలకు ఎకరానికి 10 టన్నుల ఎరువు లెక్కన పది సెంట్లకు కావలసింది సరిగ్గా ఆ టన్నే. ఆరు మేకలకు పది సెంట్లని మేం లెక్క కట్టింది ఇందుకే. కానీ పచ్చి పెంటికల్ని నేరుగా మడిలో వేస్తే నీళ్లకు తేలి ఒక మూలకు చేరతాయి, నెలలు గడిచినా గోలీల్లా అలాగే ఉంటాయి. పైగా మేక తిన్న సర్కారు తుమ్మకాయల గింజలు అరగకుండా వస్తాయి, మడి నిండా తుమ్మ మొలకలే. అందుకని మూడడుగుల ఎత్తు కుప్పగా పోయాలి. అరడుగు పెంటికలు, అరడుగు తోటచెత్త, పైన నీళ్లు, మళ్లీ అదే వరస. నెలకోసారి తిరగేస్తే నాలుగు నెలలకు మాగుతుంది. ఒక పెంటికను వేళ్ల మధ్య నలిపితే లోపల పచ్చదనం లేకుండా నల్లటి పొడిగా రాలాలి. వాసన మట్టి వాసనే ఉండాలి. ఘాటు వస్తే ఇంకా ఆగాలి.

ఎర్రనేలలో నీళ్లు నిలవవు కాబట్టి మడులు నేలకన్నా నాలుగంగుళాలు దిగువకు చేశాం. వెడల్పు నాలుగడుగులు, ఇరువైపుల నుంచీ చెయ్యి అందుతుంది. పైన వేరుశనగ పొట్టు రెండంగుళాలు పరిస్తే వేసవిలో తడి రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది. చెదలుంటే మొక్క మొదలుకు జానెడు దూరంలో ఆపండి. బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర జూన్‌లో. టమాటా, వంకాయ నారు ఆగస్టు చివర పోసి సెప్టెంబరు ఆఖరుకు నాటడం. పాదు చిక్కుడు జూలైలో పెట్టినా పగలు తగ్గితేనే పూస్తుంది. నవంబరు దాకా ఆకు తప్ప కాయ లేదని పీకేయొద్దు. వేసవిలో సగం నీడ వల కింద తోటకూర, గోంగూర, బచ్చలి చాలు.

బెండ ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారితే అది పల్లాకు తెగులు, తెల్లదోమ తెస్తుంది. ఆ మొక్క ఇక బాగుపడదు, కనిపించిన రోజే పీకి కాల్చేయాలి. వంకాయలో వాలిన కొమ్మల్ని పురుగుతో సహా తుంచుతూ ఉంటే కాయకు పట్టేది సగం తగ్గుతుంది. బీర, కాకరలకు పండు ఈగ వస్తుంది, మగ ఈగల్ని లాగే క్యూలూర్ ఎర బుట్టలు పూత నాటికే కట్టాలి. రసం పీల్చే పురుగులకు అరకిలో వేపగింజల పప్పు పొడిని గుడ్డలో కట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, పది లీటర్లు చేసి, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పిచికారీ చేస్తాం. రసాయన మందు కొట్టిన మడి కలుపు గానీ తీగ గానీ మేకలకు వేయం. టమాటా తీగలైతే మందు కొట్టకపోయినా వేయం, కుప్పలోకే పోతాయి.

ఏడాదికి పది దాకా పిల్లలు మిగులుతాయి. పోతుపిల్లల్ని ఎనిమిది తొమ్మిది నెలలకు, 15 నుంచి 20 కిలోల మధ్య అమ్ముతాం. ఇంటికొచ్చే బేరగాళ్లు నడుం మీద చెయ్యేసి ఎత్తి చూసి ధర చెబుతారు. వాళ్లు రాకముందే టేపుతో కొలిచి బరువు రాసిపెట్టుకుంటే కిలో లెక్కన మాట్లాడొచ్చు. మార్చి చివర్లో బోరు నీళ్లు, వామిలో ఉన్న కట్టె చూసుకుని, ఆరుకు మించిన పెద్దవాటిని అప్పుడే ఇచ్చేయాలి. మే నెలలో అమ్మితే బరువూ తగ్గుతుంది, ధరా పడిపోతుంది. కవలగా పుట్టి, తల్లి పాలు బాగా ఉండి, వానాకాలమంతా రెప్ప ఎర్రగా నిలిచిన ఆడపిల్లల్ని ఏటా ఒకటో రెండో ఉంచుకుని, పళ్లు అరిగిన ముసలిదాన్ని తీసేస్తాం.